డకారాల పందెం

‘వలె’ వస్తే ఉపమ. ‘అన్నట్లు’ వస్తే ఉత్ప్రేక్ష. వాక్యం చివర ‘కదా!’ ఉంటే అర్థాంతరన్యాసం. జింకలు చెవులు నిగిడ్చి గెంతుతున్నాయంటే ఇక ఆలోచించే పనే లేదు, స్వభావోక్తి. 1991-92లో వరంగల్ జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి చదువుతున్న మా దగ్గరున్న అలంకారశాస్త్రం మొత్తం ఇంతే.

ఈ సూత్రాలు సార్ చెప్పినవి కావు. మాకంటే ముందు పది గట్టెక్కిన ఒకన్న నోట్‌బుక్కు, అట్టలు ఊడిపోయి, చేతులు మారీ మారీ మా బెంచీకి చేరింది. అందులో ప్రతి అలంకారానికీ ఒక గుర్తు రాసి, దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉండేది. పద్యం ఏమంటున్నదో తెలియాల్సిన పని లేదు. గుర్తు దొరికితే రెండు మార్కులు.

ఛందస్సుకైతే నోట్‌బుక్కు కూడా అక్కర్లేదు, నోరు చాలు. ‘యమాతారాజభానసలగం’ ఒకసారి నాలుకకు ఎక్కితే గణాలన్నీ దాంట్లోనే ఉన్నాయి. బడికి చెరువు కట్ట మీదుగా నడిచి వెళ్లేవాళ్లం. ముందు పోయేవాడు ‘భరనభభరవ’ అని అరిస్తే వెనకవాడు ‘ఉత్పలమాల!’ అనాలి. ‘మసజసతతగ’ అంటే ‘శార్దూలం!’ కట్ట కింద బర్రెలు మేపుకునే తాత ఒకరోజు మమ్మల్ని ఆపి, “ఏం మంత్రంరా అది, వానల కోసమా?” అని అడిగాడు. ఆ ఏడు మా ఊళ్లో వానలు సరిగ్గా పడలేదు. పాపం, ఆశతోనే అడిగి ఉంటాడు.

వృత్త్యనుప్రాస, అంటే ఒకే హల్లు మళ్లీ మళ్లీ రావడం, చెప్పే రోజు సార్ పుస్తకం తెరవలేదు. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద నాలుగు పాదాలు రాశారు.

అడిగెదనని కడువడి జను
నడిగిన దను మగుడ నుడుగడని నడ యుడుగున్
వెడవెడ సిడిముడి తడబడ
నడుగిడు నడుగిడదు జడిమ నడుగిడు నెడలన్

పోతన భాగవతంలో గజేంద్రమోక్షం. ఏనుగు మొర విని విష్ణువు ఉన్నపళంగా బయల్దేరాడు. లక్ష్మికి చెప్పలేదు, శంఖచక్రాలు పట్టలేదు, ఎవరినీ పిలవలేదు. పైగా ఆమె చీరకొంగు ఆయన చేతిలోనే ఉండిపోయింది. వదలలేదు. ఇక ఆమె వెంట నడవక ఏం చేస్తుంది? ఎక్కడికని అడుగుదామని గబగబా ముందుకు పోతుంది. అడిగితే మారు పలకడేమోనని ఆగిపోతుంది. తత్తరపాటుతో తడబడుతూ ఒక అడుగు వేస్తుంది, వేయదు, మళ్లీ వేస్తుంది.

ఇదంతా సార్ చెబుతుంటే నేనూ నా పక్కోడూ ఒక్క ముక్క వినలేదు. బోర్డు మీది డకారాలు లెక్కపెడుతున్నాం. నాకు 22 వచ్చాయి. వాడికి 24. మళ్లీ లెక్కపెట్టాం. నాకు మళ్లీ 22, వాడికి మళ్లీ 24. వాడి లెక్క తప్పని నేను, నా కళ్లకు పొరలు కమ్మాయని వాడు. చివరికి పందెం వేసుకున్నాం, ఒక పల్లిపట్టి. గుసగుసలు సార్ చెవిన పడ్డాయి. లేపి నిలబెట్టి ఏందని అడిగారు. చెప్పాం.

“ఎన్ని ఉంటే ఏందిరా? జీతాలు ఇవ్వాల్నా వాటికి?” అన్నారు.

క్లాసంతా నవ్వింది. పందెం తేలలేదు. ఈలోగా బోర్డు చెరిపేశారు.

ఆ పద్యంలో ఇంకో విశేషం ఉందని మరునాడు చెప్పారు. గురులఘువులు పెట్టమన్నారు. పెన్సిలుతో ఒక్కో అక్షరం నెత్తిన గీత పెట్టుకుంటూ పోయాం. అంతా నిలువు గీతలే, అన్నీ లఘువులే. నోట్‌బుక్కులో వాన కురిసినట్టు ఉంది. (‘అట్టు’ వచ్చింది కదా అని నా వాక్యాన్ని ఉత్ప్రేక్ష అనేయకండి, దెబ్బలు తిన్నవాణ్ని.) రెండో పాదం చివర ‘గున్’, నాలుగో పాదం చివర ‘లన్’, ఆ రెండే గురువులు. కందంలో ఆ రెండు చోట్లా గురువు ఉండి తీరాలి కాబట్టి ఉన్నాయి గానీ, లేకుంటే అవీ ఉండేవి కావేమో. 60 లఘువులు, రెండు గురువులు. సర్వలఘు కందం అంటారు దీన్ని. పెద్ద అక్షరం లేదు, దీర్ఘం లేదు, ఒత్తు లేదు. ఆడమనిషి చిన్న చిన్న అడుగులు వేస్తుంటే దీర్ఘాలు ఎక్కడ పడతాయిరా, అన్నారు సార్.

ఇక దెబ్బల సంగతి. త్రైమాసిక పరీక్షలో ‘కమలాక్షు నర్చించు కరములు కరములు’ ఇచ్చి అలంకారం గుర్తించమన్నారు. ఎర్ర సున్నాల నోట్‌బుక్కు ప్రకారం ఒకే మాట రెండుసార్లు వస్తే యమకం. నేను యమకమని రాసి, లక్షణం కూడా తప్పు లేకుండా దించాను. అర్థభేదంతో కూడిన అక్షరాల సముదాయం మళ్లీ మళ్లీ వస్తే అది యమకం. సున్నా వచ్చింది.

సార్ పేపరు ఊరికే ఇచ్చే మనిషి కాదు. నిలబెట్టారు.

“మొదటి ‘కరములు’ అంటే?”

“చేతులు సార్.”

“రెండో ‘కరములు’?”

“...చేతులే సార్.”

“మరి అర్థభేదం ఏడున్నది?”

“లేదు సార్.”

“భేదం లేకపోతే పోతన రెండుమార్లు ఎందుకు రాసిండు? సిరా ఎక్కువైందా?”

నా దగ్గర జవాబు లేదు. అరచేతి మీద రెండు పడ్డాయి. ఆ తర్వాత, నన్ను కూర్చోమనకుండానే, సార్ ఆ సీసపద్యం మొత్తం చదివారు. శ్రీనాథు వర్ణించు జిహ్వ జిహ్వ. శేషశాయికి మ్రొక్కు శిరము శిరము. ఎత్తుగీతిలోకి వచ్చేసరికి గొంతు మారింది. ‘చక్రహస్తుని బ్రకటించు చదువు చదువు, కుంభినీధవు జెప్పెడి గురుడు గురుడు’. అక్కడ ఒక క్షణం ఆగి మావైపు చూశారు. చివరి పాదం మెల్లగా అన్నారు. ‘తండ్రి! హరి జేరు మనియెడి తండ్రి తండ్రి’.

“ఈ మాట అంటున్నది ఎవరు?”

“ప్రహ్లాదుడు సార్.”

“ఎవరితోటి?”

“హిరణ్యకశిపుడితో సార్.”

“అంటే?”

ఎవరూ మాట్లాడలేదు. వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి, “నువ్వు నా తండ్రివి కాదు అంటున్నడు సార్” అంది. మా క్లాసులో నోట్‌బుక్కు సూత్రాలు తెలియని మనిషి ఆ అమ్మాయి ఒక్కతే. మగపిల్లల బెంచీలు దాటి ఆ పుస్తకం అటు పోలేదు. “హరిని చేరమని చెప్పేటోడే తండ్రి. నువ్వు చెప్పవు” అని కూడా కలిపింది.

సార్ సుద్దముక్క బల్ల మీద పెట్టి ఆమెను కూర్చోమన్నారు. అప్పుడు చెప్పారు. మొదటి ‘తండ్రి’ పిలుపు. రెండోది మనిషి. మూడోది ఆ మాటకు తగిన మనిషి. మాట అదే, అర్థం అదే, తాత్పర్యం వేరు. లాటానుప్రాస. ఐదేళ్ల పిల్లవాడు కన్నతండ్రిని ఎదురుగా నిలబెట్టి, తిట్టు మాట ఒక్కటి లేకుండా, ఆయన పేరు ఆయన దగ్గర్నుంచి లాక్కున్నాడు.

ఇంటికి వచ్చి, అరచేయి ఎందుకు వాచిందో చెప్పుకోవాల్సి వచ్చింది. నాయినమ్మ పొయ్యి దగ్గర ఉంది. నేను లాటానుప్రాస అని మొదలుపెట్టగానే, “ఏం లాటాలో ఏం రోటాలో, ముందు తిను. ఎన్ని చెప్పు, రొట్టె అంటే జొన్న రొట్టెనే రొట్టె” అంటూ పళ్లెంలో వేసింది. నేను తినడం మానేసి ఆమె మొహం చూస్తూ కూర్చున్నాను. అక్షరం ముక్క రాని ముసలామె, కారం నూరిన చేత్తో, రెండు మార్కుల జవాబు నా పళ్లెంలో పెట్టింది.

ఆ వారమంతా ఆమె వెనక తిరిగాను. మా పాలివాళ్లతో అప్పట్లో బర్రె గురించి తగాదా. పంపకాల్లో బర్రె అటు పోయింది. దాని మీద నాయినమ్మ రోజూ అనే మాట ఒకటి ఉండేది. “నా బర్రె పాలు పాలోని పాలైనయి.” తాగే పాలు, దాయాది, వాటా. మూడు పాలు, మూడు అర్థాలు. మరునాడు క్లాసులో చెప్పాను. సార్ దాన్ని బోర్డు మీద రాయించారు. ఇది ఏ అలంకారం కిందికి వస్తుందో చెప్పమంటే క్లాసు రెండుగా చీలింది, ఛేక అని కొందరు, యమకం అని కొందరు. ఛేకానుప్రాసకు హల్లుల జంట ఎడం లేకుండా వెంటనే రావాలి, ఇక్కడ ‘పాలు పాలోని పాలై’ అని వస్తున్నది కదా అని ఛేక అన్నవాళ్ల వాదన. సార్ తీర్పు ఇవ్వలేదు. “మీ నాయినమ్మను అడుగు, ఏది కావాల్నో” అన్నారు. ఆమెకు కావాల్సింది బర్రె.

యమకం అంటే ఏమిటో ‘లేమా’ పద్యంతో తేలింది. నరకాసురుడి మీద యుద్ధానికి సత్యభామ లేచి నిలబడితే కృష్ణుడు అంటాడు.

లేమా! దనుజుల గెలువగ
లేమా? నీవేల కడగి లేచితి విటు రా
లే మాను మానవేనిన్
లే మా విల్లందికొనుము లీలం గేలన్

మొదటి లేమా పిలుపు, ఓ అమ్మాయీ అని. రెండోది ప్రశ్న, రాక్షసుల్ని మేం గెలవలేమా అని. మూడో పాదం ఎత్తుగడ ‘లే, మాను’. నాలుగోది ‘లే, మా విల్లు’. ప్రతి పాదమూ అవే రెండు అక్షరాలతో మొదలవుతుంది, ఒక్కో పాదానికీ మాట మారిపోతుంది. మొదట బుజ్జగింపు, తర్వాత కొంచెం అహం, ఆ తర్వాత వద్దనడం, చివరికి సరే నీ ఇష్టం అని విల్లు చేతికివ్వడం. పెళ్లయిన ఈ పాతికేళ్లలో ఆ నాలుగు పాదాలూ అదే వరసలో మా ఇంట్లో ఎన్నిసార్లు నడిచాయో లెక్కలేదు. విల్లు మాత్రం ప్రతిసారీ నేనే అందిస్తాను.

అర్థాలంకారాల దగ్గర సార్ ఎక్కువసేపు ఆగలేదు. ఒక్క ముఖం, ఒక్క చంద్రుడు, వాటితోనే అన్నీ చెప్పేశారు. ముఖం చంద్రుడిలా ఉంది, ఉపమ. ముఖచంద్రుడు, రూపకం. ముఖమా చంద్రుడా, సందేహం. చంద్రుడే అనుకుని చకోరం వెంటపడింది, భ్రాంతిమంతం. ముఖం కాదు చంద్రుడే, అపహ్నవం. సంస్కృత ఆలంకారికుడు అప్పయ్య దీక్షితులు ఉపమను నటి అన్నాడట, ‘ఉపమైకా శైలూషీ’. ఒక్కతే నటి, వేషాలు మార్చి మార్చి కావ్యమనే రంగస్థలం మీద ఆడుతుందని. మాకు అది వెంటనే అర్థమైంది. ఎండాకాలం మా ఊరికి భాగోతం వచ్చేది. రాత్రి సత్యభామ కట్టి జడ విసిరిన మనిషి పొద్దున్నే గడ్డం గీసుకుంటూ బావి గడ్డ మీద కనబడేవాడు. జడ తీసేసినా నడకలో ఎక్కడో సత్యభామ మిగిలి ఉండేది. రూపకంలో ‘వలె’ ఊడిపోయినా ఉపమ మిగిలి ఉంటుందని సార్ అన్నప్పుడు నాకు ఆ మనిషే కళ్లముందు కనిపించాడు. ఎర్ర సున్నాల నోట్‌బుక్కు విలువ ఆ రోజుతో సగానికి పడిపోయింది.

సార్‌కు ఒక బలహీనత ఉండేది, జిల్లా అభిమానం. “అలంకారశాస్త్రం మన ఓరుగల్లుదిరా” అనేవారు. శాస్త్రం మొత్తం కాదు గానీ, ప్రతాపరుద్రుడి కొలువులో విద్యానాథుడు రాసిన ‘ప్రతాపరుద్రీయం’ మాట నిజమే. సంస్కృతంలో పెద్ద పేరున్న లక్షణగ్రంథం, ఉదాహరణ శ్లోకాలన్నీ ఆ రాజు మీదే. 1323లో కోట పడిపోయింది, రాజు పోయాడు. ఆయన పేరు ఉపమకూ రూపకానికీ ఉదాహరణగా మిగిలింది. ఇక పోతన సంగతి చెప్పక్కర్లేదు. బమ్మెర మాకు సైకిల్ దూరం. ఇప్పుడది జనగామ జిల్లాలోకి పోయింది గానీ అప్పుడు మా జిల్లానే. సార్ నోట పోతన ఎప్పుడూ ‘మన పక్కూరి రైతు’. తర్వాత యూనివర్సిటీలో నా రూమ్మేటు కడప జిల్లావాడు తగిలాడు. పోతన ఒంటిమిట్టవాడని రాత్రి రెండింటిదాకా వాదించాడు. పోతన భాగవతంలో చెప్పిన ఏకశిలానగరం ఏదన్న దగ్గర మొదలై మెస్సులో పప్పు ఎవరిది రుచి అన్నదాకా పోయింది. ఆ వాదన పెద్దవాళ్లే తేల్చలేదు, మేమెంత.

పరీక్షలకు నెల ముందు పునశ్చరణలో సార్ మళ్లీ ‘అడిగెదనని’ పద్యానికి వచ్చారు. ఈసారి బోర్డు మీద రాయలేదు. బల్ల పక్కకు జరిపించి, పంచె కొంచెం ఎత్తి పట్టుకుని, మమ్మల్ని పద్యం అనమన్నారు. మేము అంటుంటే ఆయన నడిచారు. మొదటి పాదానికి గబగబా. రెండో పాదం చివర ‘నడ యుడుగున్’ దగ్గర ఆగారు. ‘వెడవెడ సిడిముడి తడబడ’ అంటుంటే పొట్టి పొట్టి అడుగులు, ఒక్కో డకారానికి ఒక్కో అడుగు. అరవై కిలోల మనిషి, బట్టతల, జేబులో రెండు పెన్నులు, మహాలక్ష్మిలాగా నడుస్తుంటే మాకు నవ్వు ఆగలేదు. ‘నడుగిడు నడుగిడదు’ అనేసరికి ఎడమ కాలు గాలిలో లేపి అలాగే ఉండిపోయారు. మేం ‘జడిమ’ అన్నా దించలేదు. ఒంటికాలి మీద కొంచెం ఊగారు. అప్పుడిక క్లాసు పగలబడి నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనూ, నా పక్కోడూ.

పబ్లిక్ పరీక్షలో తెలుగులో మంచి మార్కులే వచ్చాయి. ఆ తర్వాత బీకాం, ఆ తర్వాత పద్దులు సరిచూసే ఉద్యోగం, హైదరాబాద్. అలంకారాలతో పని పడలేదు. నాయినమ్మ పోయింది. గజేంద్రమోక్షం ఆమెకు భజన నుంచి నోటికి వచ్చేది. ‘దను మగుడ నుడుగడని’ అన్నచోట ఆమె ‘తన మగడు నుడువడని’ అనేది. పుస్తకంలో ‘మగుడ’ అంటే తిరిగి అని అర్థం. ఆమెకు అక్కడ మగడే కావాలి. భార్య అడిగితే పలకనివాడు మగడు కాక ఇంకెవరు అని ఆమె లెక్క. నేను సరిదిద్దలేదు.

మొన్న మార్చి నెలాఖరున ఆఫీసులో సర్వర్ నిలిచిపోయింది. అరగంటలో వస్తుందన్నారు. చేతిలో పెన్ను, ముందు ఒక వైపు ఖాళీగా ఉన్న కాయితం. ఎందుకో ఆ పద్యం రాశాను. రాశాక చేయి ఊరుకోలేదు. వృత్తి అలాంటిది, నాలుగు వరసలు కనిపిస్తే కింద మొత్తం వేయాల్సిందే. ఒక్కో డకారం కింద చుక్క పెట్టాను. మొదటి పాదంలో మూడు. రెండో పాదంలో ఆరు. మూడులో ఆరు. నాలుగులో ఎనిమిది. మొత్తం 23. నాయినమ్మ పాఠంతో లెక్కేసినా అంతే. 22 కాదు, 24 కాదు.

తడబాటు పెరిగినకొద్దీ డకారాలు పెరుగుతున్నాయి, సరే. కానీ చుక్కల వరస చూస్తే ఇంకొకటి కనిపించింది. మూడో పాదం పన్నెండు అక్షరాలు. వె-డ-వె-డ-సి-డి-ము-డి-త-డ-బ-డ. ఒకటి విడిచి ఒకటి, ఒకటి విడిచి ఒకటి. ఎడమ, కుడి. చుక్కలు కొలబద్ద పెట్టి వేసినట్టు సమాన దూరంలో పడ్డాయి. నాలుగో పాదం కూడా అట్లాగే మొదలైంది. న-డు-గి-డు-న-డు-గి-డ. తర్వాత రావలసిన చోట చుక్క లేదు. ‘దు’, ‘జ’. రెండు అక్షరాలు ఖాళీ. ఒక ‘డి’ వచ్చింది, మళ్లీ ‘మ’, ‘న’, రెండు ఖాళీ. ఆ తర్వాత మళ్లీ వరస అందుకుంది, న-డు-గి-డు.

వరస తప్పింది ఎక్కడో తెలుసా? ‘అడుగిడదు’ అన్న చోట. ఆమె అడుగు వేయని చోట.

సర్వర్ వచ్చిందని పక్క సీటు ఆయన రెండుసార్లు పిలిచాడట. నాకు బల్ల పక్కన ఒంటికాలి మీద ఊగుతున్న మనిషి తప్ప ఏమీ కనబడలేదు. సరిగ్గా ఆ ‘దు’ దగ్గరే కదా కాలు లేపి ఆపింది. మేం నవ్వుతుంటే కూడా దించకుండా నిలబడింది.

కాయితం ఫోటో తీసి నా పక్కోడికి పంపాను. వాడిప్పుడు మస్కట్‌లో ఉన్నాడు. సాయంత్రం షిఫ్టు దిగాక ఫోన్ చేశాడు.

“ఇరవై మూడురా” అన్నాను.

“నేనప్పుడే చెప్పిన గదా.”

“నువ్వు ఇరవై నాలుగన్నవ్.”

కాసేపు అవతల నిశ్శబ్దం. పద్యం గొణుక్కుంటున్నాడు. ముప్పై ఏళ్లు దాటినా ఒక్క అక్షరం పోలేదు వాడికి. నాలుగో పాదంలో ఆగాడు.

“అడుగిడదు... ఆ ‘దు’ను ‘డు’ అనుకున్ననురా నేను.”

అమ్మవారు వేయని అడుగు వీడు వేయించాడు, 1991 నుంచి.

“నువ్వు ఏది విడిచినవ్?” అన్నాడు. నేను చివరి ‘నెడలన్’ లోది చూడలేదు, గురువు దగ్గరికి రాకముందే లెక్క ఆపేసి ఉంటాను. అంటే ఇద్దరం ఓడిపోయాం, పందెం రద్దు అన్నాను.

“రద్దెట్లయితది? నేను ఒక్కటి ఎక్కువ చెప్పిన, నువ్వు ఒక్కటి తక్కువ చెప్పినవ్. తక్కువ చెప్పినోడే కొనియ్యాలె” అన్నాడు. దసరాకు వస్తున్నాడట. పల్లిపట్టి బెల్లంది కావాలట, చక్కెరది వద్దట.